ఒక్క గిన్నె, ముగ్గురు వడ్డించేవాళ్లు

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి కుదించి చెబుతాను.

ఆవిడ ఇంట్లో ఏడున్నర నెలల జర్మన్ షెపర్డ్ మగ కుక్కపిల్ల ఉంది. 27 కిలోలు తూగుతున్నా పేరు మాత్రం బుజ్జి. భర్తకు అంతకుముందు ఒక లాబ్రడార్ ఉండేదట. ఆరేళ్లకే కిడ్నీలు పాడై పోయింది. 'ఆ డ్రై ఫుడ్డే దాన్ని చంపేసింది' అని ఆయన నమ్మకం. అందుకే బుజ్జి ఇంటికొచ్చిన రోజే, వీడికి పచ్చి మాంసం తప్ప ఇంకేమీ పెట్టేది లేదని తేల్చేశారు. మూడో నెల నుంచి కోడి మెడలు, కాళ్లు, కందనకాయలు, లివర్ పెట్టారు. అయిదో నెలలో ఒకరోజు మెడ ముక్క గొంతులో అడ్డం పడి పిల్ల గిలగిల్లాడిపోయింది. అత్తగారు హడలిపోయి, మళ్లీ ఎముక పెడితే తాను ఈ ఇంట్లో ఉండనన్నారు. అప్పటినుంచి రోజూ కిలో బోన్‌లెస్ చికెన్, దానిమీద గుప్పెడు లివర్. రెండున్నర నెలలుగా ఇదే నడుస్తోంది.

నెల క్రితం బుజ్జి కుడి ముందుకాలు కుంటాడు. పది రోజులకు తగ్గింది. హమ్మయ్య అనుకునేలోగా ఎడమ వెనకకాలు మొదలైంది. ఇప్పుడు ఎడమ ముందుకాలు. పొద్దున్నే లేవడానికి మొరాయిస్తాడు, కాలు పట్టుకుంటే గుర్రుమంటాడు. పదకొండేళ్ల కొడుకు మీద కూడా ఒకసారి పళ్లు చూపించాడు. పిల్లను అమ్మినాయనకు ఫోన్ చేస్తే, 'పెద్ద జాతి కదండీ, ఎదిగే నొప్పులు, వాటంతట అవే పోతాయి, కాల్షియం పోయండి' అన్నాడు. ఊళ్లో డాక్టర్ తడిమి చూసి, ముందు ఆ పచ్చి మాంసం ఆపేసి ఎక్స్‌రే తీయించమన్నారు. మొదటి మాటకు భర్తకు కోపమొచ్చింది. రెండో మాట ఆయన చెవిన పడనే లేదు.

అసలు సంగతి మూడో పేజీలో ఉంది. భర్తకు తెలియకుండా ఈవిడ రోజుకు రెండు చెంచాల కాల్షియం సిరప్ పోస్తున్నారు. అత్తగారు, ఇద్దరికీ తెలియకుండా అనుకుంటూ, పెరట్లో పెరుగన్నం, రాగి జావ, ఆదివారాలు కూరలో ఎముకలు పెడుతున్నారు. నొప్పి చూడలేక ఈవిడ మూడు రాత్రులు సగం ఐబుప్రొఫెన్ మాత్ర కూడా వేశారు. 'చెబితే గొడవ. చెప్పకపోతే నోరులేని దానికి అన్యాయం. పచ్చి మాంసం తప్పా ఒప్పా మీరే చెప్పండి, ఆ కాగితం మా ఆయనకు చూపిస్తాను' అని ముగించారు.

అమ్మా, ఈ కాగితం చూపిద్దురుగాని. కాకపోతే మీరు అనుకున్న తీర్పు ఇందులో ఉండదు.

ముందు ఆ మాత్ర సంగతి. ఇంకొక్కటి కూడా వేయకండి. మనకు ఒళ్లునొప్పులకు పనికొచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుళ్లు పుట్టిస్తాయి, మోతాదు పెరిగితే కిడ్నీల మీద పడతాయి. పారాసిటమాల్ కూడా ఇంటి లెక్కన వేసేది కాదు. మూడు రాత్రుల సగం మాత్రకు బుజ్జికి ఏదో అయిపోయిందని నేననను. తిండి మానేసినా, వాంతులైనా, విరేచనం తారులా నల్లగా వచ్చినా మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఏమీ లేకపోయినా డాక్టర్‌కు ఈ మాట చెప్పితీరాలి. ఆయన బహుశా మెలాక్సికామో కార్ప్రొఫెనో రాస్తారు. అవి కుక్కలకు వాడేవే, కానీ ఐబుప్రొఫెన్ జాతివే. ఒకదాని వెంటనే ఇంకొకటి పడితే కడుపు చిల్లు పడేదాకా పోవచ్చు. మధ్యలో కొన్ని రోజులు ఖాళీ ఉండాలి. మీరు దాస్తే ఆయనకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఇప్పుడు కాలు. అమ్మినాయన చెప్పిన ఎదుగుదల నొప్పులు గాలిమాటేమీ కాదు. పానోస్టియైటిస్ అనే జబ్బు నిజంగా ఉంది. అయిదు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య వయసు, పెద్ద జాతి, మగపిల్లలు, అందులోనూ జర్మన్ షెపర్డ్. పుస్తకంలో బొమ్మ వేయాలంటే మీ బుజ్జినే కూర్చోబెట్టి వేయొచ్చు. పొడుగెముకల లోపల, మూలుగ ఉండే చోట వస్తుందీ నొప్పి. ఒక కాలిలో రెండు మూడు వారాలుండి తగ్గి, ఇంకో కాలికి పోతుంది. నెలల తరబడి ఇలా చుట్టాల్లా వచ్చిపోతూ, ఎదుగుదల ఆగేసరికి దానంతటదే పోతుంది. ఎముకకు శాశ్వతంగా జరిగే నష్టం ఏమీ ఉండదు. అలాగని నొప్పి చిన్నదేం కాదు. తిండి మానేసి మూలన పడుకునే పిల్లల్ని చూశాను. కాబట్టి మీ అబ్బాయికి చెప్పండి, వాడి మీద కోపంతో గుర్రుమనలేదని. కొన్నాళ్లు ఆ కాళ్లు ముట్టుకోకుండా, పడుకున్నప్పుడు మీద పడకుండా ఉంటే చాలు.

ఇంతవరకూ అమ్మినాయన మాట నిజమే కావచ్చు. కానీ ఫోన్లో కుంటు వినపడదు. ఎదుగుదల నొప్పి అనేది మిగతావి కావని తేలాక పెట్టాల్సిన పేరు. ఈ వయసులో ఈ జాతి పిల్ల కుంటడానికి అరడజను కారణాలున్నాయి. మోచేతి కీలు సరిగా కుదరకపోవడం, భుజం కీలులో మృదులాస్థి లేచిపోవడం, తుంటి కీలు వదులుగా ఉండటం. ఇవి తొందరగా పట్టుకుంటే బాగయ్యే అవకాశం ఎక్కువ, 'అదే పోతుందిలే' అని ఆరు నెలలు ఆగితే కీలు అరిగి కూర్చుంటుంది. ఇంకొకటి మన ప్రాంతంలో మరీ ఎక్కువ, గోమార్ల జ్వరం. గోమారి కుట్టి ఎర్లికియా అనే క్రిమి ఒంట్లో చేరితే జ్వరం, నీరసం, ఒక్కోసారి కీళ్లనొప్పులు, ఇవాళ ఈ కాలు రేపు ఆ కాలు. అచ్చం ఎదుగుదల నొప్పిలాగే ఉంటుంది. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి కనిపిస్తాయి. మీ ఉత్తరంలో గోమార్ల ప్రస్తావనే లేదు. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య ఇవాళే చూడండి.

ఆఖరి కారణం చెప్పడానికి మీ ఆయన గిన్నెలోకి తొంగిచూడాలి.

కిలో బోన్‌లెస్ చికెన్‌లో కాల్షియం గ్రాములో పదోవంతుకు కొంచెం అటూఇటూ. భాస్వరం దాదాపు రెండు గ్రాములు. అంటే కాల్షియం ఒక పాలైతే భాస్వరం పదిహేను, ఇరవై పాళ్లు. ఎదిగే పిల్లకు కావాల్సింది భాస్వరం కంటే కాల్షియం కాస్త ఎక్కువ. బుజ్జి సైజు పిల్లకు రోజుకు నాలుగైదు గ్రాములకు తక్కువ కాకుండా కాల్షియం పడాలి. మెడలు, కాళ్లు తిన్నన్నాళ్లూ ఆ ఎముకలోంచి ఎంతో కొంత వచ్చింది. ఎముక మానేసిన రోజునుంచి ఆ లెక్క తలకిందులైంది. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె ఆగుతుంది కనుక ఒళ్లు ఊరుకోదు, మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి తోడి రక్తంలో పోస్తుంది. బయటికి పిల్ల నిగనిగలాడుతూ, కండపట్టి, ఫోటోకి పెట్టినట్టుంటాడు. లోపల ఎముక చెరకుపిప్పి అవుతుంటుంది.

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ఒక రాట్‌వీలర్ పిల్లను చేతుల మీద మోసుకొచ్చారు. నులకమంచం మీంచి దూకిందట, అంతే. మంచం ఎత్తు అడుగున్నర. తొడ ఎముక విరిగింది. ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూస్తే ఎముకకూ పక్కనున్న కండకూ తేడా తెలియడం లేదు. ఎముకంతా తెల్లగా కనపడాలి కదా, అది బూడిదరంగులో, అంచు మాత్రం పెన్సిల్‌తో గీసినట్టుంది. ఏం పెడుతున్నారని అడిగితే ఆ ఇంటి పెద్దాయన గర్వంగా చెప్పాడు, 'ఎముక ముక్క కూడా లేకుండా ఏరి, మెత్తటి మాంసమే పెడుతున్నామండీ' అని. ప్రేమకు లోటు లేదు ఆ ఇంట్లో.

బుజ్జికి ఇదే జరుగుతోందని నేను చెప్పడం లేదు. జరుగుతూ ఉండొచ్చు, దాన్ని ఎదుగుదల నొప్పి అనుకుని వదిలేస్తే మాత్రం ప్రమాదం.

మీ సిరప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సీసా వెనక చూడండి, చెంచాకు ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. సాధారణంగా వందల్లోనే ఉంటుంది. కావాల్సింది వేలల్లో. అంటే ఈ రెండున్నర నెలల బోన్‌లెస్ తిండికి మీ రెండు చెంచాలు ఏ మూలకీ రావు. అలాగని పదిచెంచాలు పోయకండి! పెద్దజాతి పిల్లలకు కాల్షియం తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. ఆరు నెలల లోపు పిల్ల పేగుకు 'ఇక చాలు' అని తలుపు మూసే శక్తి సరిగా రాదు, పోసిందంతా లోపలికి పోతుంది. 1980లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో గ్రేట్ డేన్ పిల్లల మీద చూశారు. కాల్షియం ఎక్కువ పెట్టిన పిల్లల్లో మృదులాస్థి ఎముకగా మారడం దెబ్బతింది, కాళ్లు వంకరపోయాయి. ఇవాళ అమెరికాలో కుక్కల తిండి ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో కూడా పెద్దజాతి పిల్లల తిండిలో కాల్షియం తేమ తీసేసిన బరువులో 1.8 శాతం దాటకూడదంటుంది. మన దగ్గర కుక్కపిల్ల కొన్న ప్రతివాళ్లకూ కాల్షియం సీసా చేతిలో పెట్టడం కట్నంలో బిందె ఇచ్చినట్టు ఆచారమైపోయింది. మంచి పప్పీ ఫుడ్ తినే పిల్లకు అది అనవసరం, పైగా చేటు. అన్నట్టు, పానోస్టియైటిస్‌కు కాల్షియం మందు కాదు.

మీ అత్తగారిని కూడా ఈ లెక్కలోంచి తప్పించలేను. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూ కాల్షియం ఉంటుంది. ఒక గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి. దానివల్ల ఎముకకు మేలూ లేదు, కీడూ లేదు. పెరుగన్నం కూడా ఒక ముద్ద వరకు ఫర్వాలేదు. కానీ ఆదివారం కూర ఎముకలు వెంటనే ఆపించాలి. ఉడికిన ఎముక విరిగితే సూదిలా చీలుతుంది, పచ్చి ఎముక కంటే అదే ఎక్కువ ప్రమాదం. పైగా ఆ కూరలో ఉల్లి, వెల్లుల్లి. అవి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. గొంతులో అడ్డం పడిందని పచ్చి ఎముక మాన్పించిన ఆవిడే ఉడికిన ఎముక పెడుతున్నారంటే, ఆవిడకు ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

ఇప్పుడు మీ ఆయన వైపు కూడా కాస్త మాట్లాడతాను, ఎందుకంటే డాక్టర్ చెప్పినదంతా ఆయనకు తిట్టులా వినిపించి ఉంటుంది. మాంసం ఎక్కువైతే 'వేడి చేసి' కీళ్లు పాడవుతాయని మనవాళ్లంటారు. అది నిజం కాదు. గ్రేట్ డేన్ పిల్లల్లో ప్రొటీన్ ఎక్కువ పెట్టి చూసినా ఎముకలు చెడలేదు. పానోస్టియైటిస్ పచ్చి మాంసం వల్లే వస్తుందని కూడా ఎవరూ రుజువు చేయలేదు. డ్రై ఫుడ్ తినే పిల్లలకూ వస్తుంది. పచ్చి మాంసం ఆపగానే కుంటు మాయమైతే అది ఆపినందుకేనని కూడా చెప్పలేం, ఆ జబ్బు తనంతట తానే పోయే రకం కదా. ఆ పాత లాబ్రడార్ సంగతికొస్తే, ఆరేళ్ల కుక్కకు కిడ్నీలు పోవడానికి మన ప్రాంతంలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంది, గోమార్ల జ్వరం ఉంది, పుట్టుకతో వచ్చే లోపాలున్నాయి. ఏది కారణమో ఇప్పుడు తేల్చలేం. ఆయన పచ్చి మాంసం వెంట పడింది ఆ కుక్క పోయిన బాధలోంచి. దాన్ని మొండితనం అనకండి. 'జిమ్మీకి జరిగింది వీడికి జరగకూడదనే కదా మీ బాధ' అని మీరొక్క మాట అంటే, వంద ఎక్స్‌రేల కంటే ముందు ఆయన వింటారు. (పేరు మీరు రాయలేదు, జిమ్మీ అని నేనే పెట్టాను. మా తరంలో సగం కుక్కలు జిమ్మీలే.)

ఇక దారులు. నాకు కనిపించేవి నాలుగు. ఏదైనా మీరిద్దరూ కూర్చుని ఎంచుకోవాల్సిందే.

అన్నింటికంటే సులువైనది, పెద్దజాతి పిల్లల కోసమే చేసిన డ్రై ఫుడ్. సంచి మీద 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని ఉండాలి, కాల్షియం ఎంత శాతమో రాసి ఉండాలి. వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఇందులో ఎముకల లెక్క మీరు వేయక్కర్లేదు. సిరప్ పూర్తిగా బంద్. ఖర్చు నెలకు చికెన్ ఖర్చుకు అటూఇటూ ఉంటుంది. చిక్కల్లా మీ ఆయన మనసు. బలవంతంగా ఒప్పిస్తే, రేపు దానికి ఏ చిన్న విరేచనమైనా 'చెప్పానా?' అంటారు, గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది ఇంటి వంట. అదే చికెన్, ఉడికించి, అన్నంతోనో చిలగడదుంపతోనో, కొలిచిన కాల్షియంతో, అవసరమైన విటమిన్లు, ఖనిజాలతో. 'కొలిచిన' అన్న మాట దగ్గరే అంతా ఉంది. చెంచాడు మెత్తటి గుడ్డుపెంకు పొడిలో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, పనికొస్తుంది కూడా, కానీ కాల్షియం ఒక్కటి సరిచేస్తే తిండి సరైపోదు. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ డి, ఇవన్నీ ఎదిగే వయసులో కావాలి. లివర్ రోజూ గుప్పెడు పెడితే విటమిన్ ఎ ఎక్కువైపోతుంది, అదీ ఎముకకు మంచిది కాదు. కాబట్టి జంతువుల పోషకాహారం గురించి చదివిన వెటర్నరీ డాక్టర్ చేత బుజ్జి బరువుకు, వయసుకు లెక్క వేయించి కాగితం మీద రాయించుకోవాలి, రెండు నెలలకోసారి మార్పించుకోవాలి. మీ అత్తగారికి ఈ దారి నచ్చుతుందని నా అనుమానం, వంట ఆవిడ చేతిలోకొస్తుంది.

మూడోది, పచ్చి మాంసమే కొనసాగించడం. దీన్ని కొట్టిపారేయడం లేదు, కానీ ఇప్పుడున్న రూపంలో ఇంకొక్క వారం కూడా వద్దు. ఎముక మెత్తగా పొడి చేసి కలిపిన, లెక్క కట్టిన వంటకం ఉండాలి. అమెరికా పశువైద్యుల సంఘం 2012 నుంచే పచ్చి మాంసం వద్దంటోంది. దానికి కారణం కుక్క ఎముకలు కాదు, మాంసంలోని క్రిములు. వాటి ముప్పు కుక్కకే కాదు, ఇంట్లో మనుషులకూ. సాల్మొనెల్లా లాంటివి కుక్కకు ఏమీ చేయకపోయినా దాని నోట్లోంచి, మలంలోంచి మనకొస్తాయి. ఫ్రీజర్‌లో పెడితే చావవు, నిద్రపోతాయి, బయటికి తీయగానే లేస్తాయి. మన ఎండల్లో చికెన్ షాపు గట్టు మీంచి ఇంటికొచ్చేసరికే లెక్కలేనన్ని అవుతాయి. పదకొండేళ్ల పిల్లాడు బుజ్జి మూతిని ముద్దుపెట్టుకుంటాడు. అత్తగారికి షుగరుందని రాశారు. ఈ ఇంట్లో నేనైతే ఈ దారి ఎంచుకోను. మీ ఆయన ఇదే కావాలంటే, గిన్నెలు వేరు, కత్తి వేరు, గట్టు ప్రతిసారీ సబ్బుతో కడగడం, అదంతా ఆయనే చేయాలి. ఇంకొక మాట, మటన్ షాపులో చవగ్గా ఇచ్చే పచ్చి లివర్, ఊపిరితిత్తులు ఎప్పుడూ పెట్టకండి. వాటిలో నీటి బుడగల్లాంటి తిత్తులుంటే కుక్క పేగులో బద్దెపురుగు పెరుగుతుంది, దాని గుడ్లు మన కడుపులోకి పోతే మన లివర్లో అవే తిత్తులు పుడతాయి. కోసి తీయాల్సినంత పెద్దవవుతాయి.

నాలుగోది మధ్యేమార్గం. తిండి పప్పీ డ్రై ఫుడ్, దానిమీద రోజూ ఉడికించిన చికెన్ కొంచెం, మొత్తం తిండిలో పదోవంతు మించకుండా. అప్పుడు లెక్క చెడదు, మీ ఆయన చేత్తో పెట్టే మాంసమూ ఉంటుంది. ఎక్కువ ఇళ్లలో నేను చూసినంతవరకు నిలబడేది ఇదే. అత్తగారి పెరుగన్నం ముద్ద కూడా ఈ పదోవంతులోనే రావాలి, పక్కన కాదు.

ఏ దారైనా, పిల్లను సన్నగా పెంచండి. అమెరికాలో 48 లాబ్రడార్లను తోబుట్టువుల జతలుగా విడదీసి, ఒకదానికి రెండోదానికంటే నాలుగోవంతు తక్కువ తిండి పెడుతూ జీవితాంతం చూశారు. తక్కువ తిన్నవాటిలో తుంటి కీళ్ల జబ్బు తగ్గింది, సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. ఆ ఫలితం 2002లో బయటికొచ్చింది. బుజ్జి పక్కటెముకల మీద అరచేయి పెట్టండి. నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తగలాలి, కంటికి మరీ కనపడకూడదు. ఇప్పుడు ముగ్గురూ పెడుతుంటే వాడు ఎంత తింటున్నాడో దేవుడికి కూడా తెలియదు.

ఉత్తరం చివర మీరు గోదావరి గట్టు మీద పొద్దున్నే స్కూటీ పక్కన పరిగెత్తిస్తున్నామని ఒక వాక్యం రాసి వదిలేశారు. అది ఇవాళే ఆపేయండి. ఎముకల కొసల్లో ఉండే ఎదుగుదల పొరలు మూసుకోవడానికి ఇంకా ఏడాది దాకా పట్టొచ్చు. గొలుసు పట్టుకుని నడవడం, మట్టిలో తనకు తానుగా ఆడుకోవడం చాలు. ఇంట్లో నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా వాడు తిరిగే దారిలో గోనెసంచులో పాత జంపఖానాలో పరచండి. మెట్లు వద్దు.

మీ ఇద్దరి మధ్య సంగతి. బుజ్జి గిన్నెలో మూడు వంటిళ్లు కలుస్తున్నాయి, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఈ పరిస్థితిలో ఏ డాక్టర్ ఏం చెప్పినా గాల్లో దీపమే. ఫ్రిజ్ తలుపుకు ఒక నోటుబుక్కు కట్టండి. ఎవరు, ఏం, ఎంత పెట్టారో రాయాలి. మొదటి పేజీలో మీ సిరప్, మీ మాత్రలు మీరే రాయండి. మీరు ముందు రాస్తే అత్తగారి పెరుగన్నం కూడా బయటికొస్తుంది, ఆవిడ పరువు పోకుండా. మీ ఆయనకు కోపమొస్తుంది, రానివ్వండి. అది ఒక పూట ఉంటుంది. ఆరు నెలల తర్వాత డాక్టర్ నోట్లోంచి తెలిస్తే వచ్చేది వేరే రకం కోపం. ఆ పుస్తకంలోనే బరువు కూడా. స్నానాల గదిలో తూకం ఉంటే మీ ఆయన బుజ్జిని ఎత్తుకుని నిలబడి, తర్వాత ఒక్కరే నిలబడి తేడా చూస్తే సరి.

పచ్చి మాంసం వాదన ఎక్స్‌రే వచ్చేదాకా వాయిదా వేద్దామని ఆయనతో ఒప్పందం చేసుకోండి. ఎందుకంటే జవాబు ఫిల్ముమీదే ఉంటుంది. ఎముక లోపల తెల్లటి మబ్బు పట్టినట్టు ఉంటే పానోస్టియైటిస్. నొప్పి మందు, విశ్రాంతి, ఓపిక. మాంసం నేరం రుజువు కానట్టే, కానీ తిండి లెక్క మాత్రం దిద్దాలి. మొదటి రోజుల్లో మబ్బు కనపడకపోవచ్చు, పది పదిహేను రోజులకు మళ్లీ తీయమంటే విసుక్కోకండి. ఎముకంతా పల్చబడి ఉంటే ఇక వాదనే లేదు, బోన్‌లెస్ ఆ రోజుతో ఆఖరు, ఎముక గట్టిపడేదాకా గంతులు లేకుండా చిన్న చోట ఉంచాలి. శుభవార్త ఏమిటంటే తిండి సరిచేస్తే ఆ వయసు ఎముక వారాల్లోనే కోలుకోవడం మొదలెడుతుంది. మోచెయ్యో తుంటో అయితే సర్జన్ చూడాలి. ఊళ్లో ఎక్స్‌రే సరిగా లేకపోతే విజయవాడ దగ్గరి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, పొద్దున్నే కారులో బయల్దేరితే ఓపీ వేళకు చేరతారు. ఎక్స్‌రేతో పాటు రక్తపరీక్ష కూడా. వెళ్లేముందు బుజ్జి కుంటడం ఫోన్లో వీడియో తీసుకోండి. ఆసుపత్రి గుమ్మం తొక్కగానే భయానికి కుంటు మర్చిపోయి తిన్నగా నడిచే కుక్కల్ని లెక్కలేనన్ని చూశాను.

ఒక్క జాగ్రత్త. తుంటి, మోచేయి సరిగ్గా తీయాలంటే మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఎన్ని గంటలు ఖాళీ కడుపున ఉంచాలో ముందురోజే ఫోన్ చేసి అడగండి. ఆ మాట మీ ఆయనతో పాటు అత్తగారికీ విడిగా చెప్పండి. ఆకలికి కూస్తున్నాడని తెల్లవారుజామున పెరట్లో ఆవిడ ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టారంటే, గన్నవరం దాకా వెళ్లి తిరిగి రావాల్సిందే.